ముప్పై దాకా లెక్కపెట్టే మనిషి

కర్నూలులో నేను పాఠాలు చెప్పిన కాలేజీలో ఒక ల్యాబ్ టెక్నీషియన్ ఉండేవాడు. ఏ యంత్రం మొరాయించినా దాని మీద చేయి వేసి, కళ్లు మూసుకుని, పెదవులు కదుపుతూ ఏదో లెక్కపెట్టేవాడు.

ఒక మధ్యాహ్నం నా లినక్స్ ల్యాప్‌టాప్ నెట్‌వర్క్ కేబుల్‌ను గుర్తించడం మానేసింది. సాయంత్రంలోగా మార్కులు అప్‌లోడ్ చేయకపోతే పిల్లలకు హాల్‌టికెట్లు రావు. కేబుల్ మార్చాను, డ్రైవర్ మళ్లీ ఎక్కించాను. అసలు అందులో నెట్‌వర్క్ కార్డే లేనట్టు చూపించింది.

"కార్డు చచ్చిపోయినట్టుందన్నా" అన్నాను టెక్నీషియన్‌ను పిలిచి.

"తొందరపడొద్దప్పా" అంటూ ఆయన ఛార్జర్ పీకి, బ్యాటరీ ఊడదీసి, పవర్ బటన్ నొక్కిపట్టి కళ్లు మూసుకున్నాడు. ముప్పై దాకా లెక్కపెట్టి వదిలాడు. బ్యాటరీ పెట్టి ఆన్ చేయగానే కేబుల్ పక్కన పచ్చదీపం వెలిగింది.

మార్కులు ఎక్కుతుండగా, ఈ లెక్క ఎవరు నేర్పారని అడిగాను.

"ఎవరూ నేర్పల్యా. ఆస్పత్రిలో మా యమ్మ పోయిందన్నారు. నేను చేయి పట్టుకొని లెక్కపెట్టినా. ముప్పైకి కండ్లు తెరిచింది."

"శానా అదృష్టమన్నా. ఇప్పుడెట్లుండాది?"

ఆయన ఛార్జర్ మళ్లీ తగిలించాడు.

"బాగుండాది. వంట చేస్తాది, నన్ను పేరు పెట్టి పిలుస్తాది." గొంతు బాగా తగ్గించాడు. "మా యమ్మ అయితే కాదప్పా. ఒకసారి ఇంటికొచ్చి నువ్వన్నా చూసి చెప్పు."

వస్తానన్నాను. ఆ కాలేజీలో ఉన్నన్నాళ్లూ ఏదో ఒక వంక చెప్పి తప్పించుకున్నాను.