కాకి వాలని కాలువ

సింగపూరు జురాంగ్ వెస్ట్‌లో ఫ్యాక్టరీల వెనక పారే ఆ కాలువకు మ్యాపులో ఏదో పేరుండే ఉంటుంది. అక్కడ పనిచేసేవాళ్లకు మాత్రం అది ఉత్త కాలువ. పేరు లేకపోయినా చరిత్రకేం తక్కువ లేదు. దాన్ని ఆ గట్టు మీద పనిచేసే మారయ్యకు విడతలు విడతలుగా చెప్పింది అప్పయ్య, పక్క గోడౌనులో కాపలా ఉండే ముసలాయన. ఆయన తాత ఎప్పుడో విశాఖపట్నం వైపు నుంచి ఓడెక్కి వచ్చాడు. ఈయన ఇక్కడే పుట్టాడు, తెలుగులో తమిళమూ మలయ్ భాషా కలిపి, మాట చివర 'లా' తగిలించి మాట్లాడతాడు.

అప్పయ్య చిన్నప్పుడు ఇదంతా బురద, మడచెట్లు, రొయ్యల చెరువులు. ఫ్యాక్టరీలు పెట్టాలనుకున్నాక కాలువ తవ్వించారు. దుంగల్ని కట్టలు కట్టి నీళ్ల మీదే తేల్చుకుంటూ కోత మిల్లులకు తెచ్చేవారు. ఆ తర్వాత రంగుల కంపెనీలు వచ్చాయి. కాలువ ఒకనాడు ఎర్రగా, ఒకనాడు నీలంగా పారేదట. మిల్లులు పోయాయి, పడవలు పోయాయి, అడుగూ గోడలూ కాంక్రీటయ్యాయి. ఇప్పుడు దానితో ఎవరికీ పెద్దగా పని లేదు గనక సింగారిస్తున్నారు. మెట్లు, పూలమొక్కలు, పొద్దున్నే పరుగెత్తేవాళ్లకు బాట. ఒంట్లో సత్తువ ఉన్నంతకాలం చాకిరీ చేయించుకుని, మూలపడ్డాక కొత్త చీర కట్టబెట్టినట్టు ఉంది వ్యవహారం.

ఆ కాంక్రీటులో కొంత మారయ్య పోసిందే. చెత్త తీసిందీ, పాచి గీకిందీ, ఈమధ్య మొక్కలు నాటిందీ అతనే. ఒక పుష్కరం పైగా ఆ గట్టు మీదే గడిచింది. అతనిది తెలంగాణలో బొగ్గుబావుల పక్క ఊరు. తండ్రీ చిన్నాయనా బాయిలో దిగి బతికారు. మారయ్యకు మీసాలొచ్చేసరికి ఆ బాయి మూతపడింది. కొండంత మట్టి దిబ్బ ఒకటి ఊరికి మిగిలింది. సింగపూరులో వర్క్ పర్మిట్ దొరికితే అదే మహాభాగ్యమనుకుని వచ్చేశాడు. ఊళ్లో డాబా లేచింది. ఆ డాబాయే కొంప ముంచింది.

దాన్ని చూసి చిన్నమ్మ ఈరమ్మకు ఆశ పుట్టింది. కొడుకు ఉపేంద్రను కూడా తీసుకుపొమ్మని మారయ్య వెంటపడింది. ఉపేంద్రకు ఇష్టం లేదు. టిప్పర్ నడుపుకుంటూ ఊళ్లోనే ఉంటానన్నాడు. ఈరమ్మ పోరు పడలేక చివరికి వచ్చాడు. వచ్చిన ఏడాదికే, మూడేళ్ల కిందట, చెత్త ఆపే జాలీ దగ్గర పనిచేస్తుండగా పైనెక్కడో కురిసిన వాన ఒక్కసారిగా కాలువలోకి దూకింది. అందరూ నిచ్చెన అందుకున్నారు. ఉపేంద్ర అందుకోలేకపోయాడు. శవం సముద్రం మొగదల దొరికింది.

పెట్టె ఊరికి వెళ్లింది, కర్మ జరిగింది. పోయినవాళ్లకు ఇష్టమైనవి వండి ఆకులో పెట్టి, కాకి ముట్టేదాకా ఎదురుచూడటం ఎక్కడైనా ఉన్నదే. మారయ్య వాళ్ల వైపు దాన్ని పిట్టకు పెట్టడమంటారు. కాకి రాకపోతే పోయినవాడికి ఏదో కొరత ఉన్నట్టు లెక్క. అయినవాళ్లు ఒక్కొక్కరే ముందుకొచ్చి ఫలానాది చేస్తామని మాటిస్తారు. సరైన మాట పడగానే కాకి దిగుతుందని నమ్మకం. ఉపేంద్రకు పెట్టినప్పుడు కాకులు గోడ మీద వరసగా కూర్చున్నాయి గానీ ఒక్కటీ దిగలేదు. ప్రాణం ఎక్కడ పోయిందో అక్కడ పెట్టాలన్నారు పెద్దలు. అప్పటినుంచి ఈరమ్మకు అదే ధ్యాస. కొడుకు తనమీద కోపంతో పోయాడా లేదా అన్నది తేలాలంటే ఆ కాలువ గట్టున కాకి ముట్టాలి.

మారయ్య పెట్టకపోలేదు. మొదటి ఏడు వానకు అన్నం కొట్టుకుపోయింది. రెండో ఏడు పక్షులకు మేత వేయడం నేరమంటూ ఎవరో వచ్చి ఆకు తీయించారు. ఇది మూడోది, ఆఖరిది కూడా. సింగారం పని అయిపోవచ్చింది, ఈ నెలాఖరుకు మారయ్యను ఇంటికి పంపేస్తున్నారు. తర్వాత ఇక్కడ ముద్ద పెట్టే దిక్కు లేదు.

ఆదివారం పొద్దున తిండి అంగళ్లుండే హాకర్ సెంటర్‌లో అన్నం, కోడికూర కట్టించుకున్నాడు. ఉపేంద్ర తాగే బీరు ఒకటి కొన్నాడు. జాలీకి ఎదురుగా కొత్త మెట్టు మీద అరిటాకు పరిచి, అన్నీ వడ్డించి, వీడియో కాల్ చేశాడు. అవతల ఫోను పట్టుకున్నది ఉపేంద్ర చెల్లెలు సుమలత. పక్కన ఈరమ్మ తలస్నానం చేసి, తడి జుట్టుతో కూర్చుని ఉంది. ఆకు కనిపించేలా ఫోను తిప్పమంది. మారయ్య తిప్పి, రెయిలింగుకు ఆనించాడు.

చాలాసేపు ఏ పిట్టా రాలేదు. ఈరమ్మ మాటివ్వడం మొదలుపెట్టింది. నీ బండి అమ్మం అంది. సుమలత చదువు మాన్పించం అంది. నీ దోస్తులు కష్టంలో ఉంటే ఆదుకుంటం అంది. గోరింకలు నాలుగు వచ్చి అన్నం చుట్టూ గంతులేశాయి. మారయ్య చేయి ఊపి తోలాడు, అవి మళ్లీ వచ్చాయి.

ఈరమ్మ సుమలతను అవతలికి పొమ్మని, ఫోను తన చేతిలోకి తీసుకుంది.

"ఉపేందరూ, నువ్వు పోయే ముందురోజు ఫోన్ జేసి, ఇంటికొస్తనమ్మా, నాకీడ భయమైతుంది అన్నవ్ గద. వస్తే నా మొఖం జూడకు అన్న నేను. ఆ మాట ఎవ్వలికి జెప్పలే బిడ్డా. తప్పు నాదే. ఇప్పుడు రా. నా చేతితోని పెట్టినట్టే అనుకొని ఒక్క ముద్ద ముట్టు."

ఈ సంగతి మారయ్యకు ఇప్పటిదాకా తెలియదు. నిజమైన మాట పడింది, ఇక వస్తుందనుకున్నాడు. రావాలని మనసులో ఉపేంద్రను బతిమాలుకున్నాడు. చెట్ల వంక చూశాడు. చెట్లు పొందిగ్గా, మంగలి దగ్గర్నుంచి అప్పుడే లేచొచ్చినట్టు ఉన్నాయి. ఒక్క రెక్క చప్పుడు లేదు.

అప్పుడే అప్పయ్య డ్యూటీ దిగి, టీ సంచి ఊపుకుంటూ గట్టు మీదుగా వచ్చాడు. ఆకునీ మారయ్యనీ చూసి విషయం గ్రహించి, ఫోనుకు వినపడకుండా అతని చెవి దగ్గరికి వంగి అన్నాడు.

"కాకి కోసమా తంబీ? ఇంకెక్కడి కాకులు లా. పోయిన నెల గూళ్లన్నీ పీకేశారు కదా. నువ్వే కదా ఆ లిఫ్ట్ బండి ఎక్కి కోసింది, నేను చూశాను."

నిజమే. పరుగెత్తేవాళ్ల నెత్తిన కాకులు తన్నుతున్నాయని ఫిర్యాదులొచ్చాయి. కొమ్మలు కొట్టమన్నారు, గూళ్లు దించమన్నారు. మారయ్య రంపం పట్టుకుని ఎక్కి, ఈ చివర నుంచి ఆ చివరకు ఒక్క గూడు మిగలకుండా దించాడు. పని నీటుగా చేశావని సూపర్‌వైజరు భుజం తట్టాడు కూడా. పుష్కరం పైగా చేసిన అలవాటు, పని అంటే పనే. ఉపేంద్ర తిథి వస్తోందన్న సంగతి ఆ వారమంతా బుర్రలో ఉంది. ఆ రెండూ ఒకదానికొకటి తగులుతాయని మాత్రం తోచలేదు. ఇంత బుద్ధిలేని పని ఎట్లా చేశానని తన చేతుల్ని తానే అసహ్యించుకున్నాడు.

అప్పయ్య నొచ్చుకుని, తల పంకించి వెళ్లిపోయాడు. మారయ్య ఫోను తీసి మొహానికి దగ్గరగా పెట్టుకున్నాడు. అవతల ఈరమ్మ రెప్ప వేయకుండా చూస్తోంది.

"చిన్నమ్మా, ఈడ కాకులు లేవే. గూళ్లన్నీ తీసేసిన్రు. నేనే తీసిన. వాడు రానిది నీ మీది కోపంతోని కాదు."

ఈరమ్మ నెమ్మదిగా తల అడ్డంగా ఊపింది. కొంగుతో మొహం తుడుచుకుంది గానీ ఏడవలేదు. ఏడుపు అయిపోయిన మనిషిలా ఉంది.

"కాకి లేని ఊరు యాడుంటది బిడ్డా. ముసల్ది బాధపడతదని చెప్తున్నవ్. నువ్వు మంచోనివే."

చెట్లు చూపిస్తానన్నాడు. ఒట్టు పెట్టాడు. గోడౌను ముసలాయన్ని పిలిచి చెప్పిస్తానన్నాడు. ఆమె వినే స్థితిలో లేదు. నిజం చెప్పినా నా కొడుకు నన్ను క్షమించలేదు, నాకర్థమైంది, ఇంక చాలు, ఎండల నిలబడకు అంది. ఫోను పెట్టేసింది. మళ్లీ చేస్తే సుమలత ఎత్తి, అమ్మ లోపలికి పోయి తలుపు గడియ పెట్టుకుందని చెప్పింది.

మారయ్య మెట్టు మీద చాలాసేపు కూర్చున్నాడు. కాలువ చీలమండ లోతున, ఏమీ ఎరగనట్టు పారుతోంది. ఊరికి పోయాక ఆమె ముందు కూర్చుని ఇదే నిజం మళ్లీ చెప్తాడు. ఆమె మళ్లీ నువ్వు మంచోనివే అంటుంది. ఆమె బతికినంతకాలం అంతే. అది అతనికి అప్పుడే తెలిసిపోయింది.

బీరు కాలువలో వంచాడు. గోరింకలు చిందరవందర చేసిన మెతుకులు ఒక్కొక్కటే ఏరి, ఆకు మడిచి సంచిలో వేశాడు. మెట్టు మీద కూర మరకను చేత్తో రుద్ది, తడిగుడ్డతో తుడిచాడు. ఆ గట్టును శుభ్రంగా ఉంచడం నెలాఖరు దాకా అతని పనే.