గంటా పావులో బెంగుళూరు

“విమానంలో గంటా పావే అన్నయ్యా. ఇలా ఎక్కి అలా దిగిపోతావు” అంది బెంగుళూరులో ఉండే మా చెల్లెలు. గన్నవరం నుంచి గాల్లో అంతే, నిజమే. భట్టిప్రోలు నుంచి గన్నవరం చేరడం ఎంతసేపో ఎవరూ చెప్పరు. నా తర్వాత వెళ్లేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

శుక్రవారం సాయంత్రం ఆరింటికి మేనకోడలి పెళ్లి. తండ్రి లేని పిల్ల. గంపలో కూర్చోబెట్టి మండపానికి తేవలసిన మేనమామను నేనొక్కణ్ణే. పీటల మీద కట్టుకునే మధుపర్కాలు కూడా నేనే పెట్టాలి. వేటపాలెంలో దగ్గరుండి నేయించాను. ముందురోజు దాకా మా బడిలో పరీక్షలు, రైలు కుదరలేదు. పెళ్లినాటి పొద్దున పదకొండు నలభై విమానానికి టికెట్టు తీసుకున్నాను.

శుక్రవారం వేళ బాగాలేదని మా ఆవిడ గురువారమే బట్టల బ్యాగును పక్కింట్లో పెట్టించింది. దీన్ని ప్రస్థానం అంటారు. మంచి గడియలో సామాను గడప దాటితే మనిషి బయల్దేరినట్టే లెక్క. తెల్లారి వెళ్తూ పక్కింట్లోంచి అది తీసుకోవాలి.

నేను తీసుకోలేదు. హడావిడిగా మా గుమ్మం ముందే ఆటో ఎక్కి, రేపల్లె ప్యాసింజరు అందుకుని, ఏడూ ముప్పావుకు తెనాలిలో దిగాను. ఇడ్లీ తిని చెయ్యి కడుక్కుంటుంటే గుర్తొచ్చింది. మధుపర్కాలు ఆ బ్యాగులోనే ఉన్నాయి. పక్కింటి బాబాయ్‌కి ఫోన్ చేశాను.

“నువ్వు వెనక్కి రాకురా. ప్రయాణమయ్యాక మళ్లీ ఊళ్లోకి రాకూడదు. తెనాలి బస్సులో పంపిస్తాలే” అన్నాడు.

చెల్లెలికి చెబితే, “బట్టలు ఇక్కడ కొనుక్కుంటాం, నువ్వు రా చాలు” అంది. తర్వాతి విమానంలో సీట్లు లేవు. బస్టాండులో కారు మాట్లాడి పెట్టుకుని నిలబడ్డాను.

“తొమ్మిది దాటితే నా పూచీ లేదండి. బెజవాడలో ట్రాఫిక్కు” అన్నాడు డ్రైవరు.

తొమ్మిదైంది. వచ్చిన ప్రతి బస్సు దగ్గరికీ పరుగెత్తాను. ప్రస్థానాన్ని, మా ఆవిణ్ణి, నన్ను అందరినీ తిట్టుకున్నాను. ఇక కారెక్కుదామని తలుపు తీశాను. అప్పుడొచ్చింది రేపల్లె బస్సు. మెట్టు మీద బాబాయే ఉన్నాడు. మోకాళ్ల దాకా పొలం బురద, చంకలో బ్యాగు.

“నువ్వొచ్చావేంటి బాబాయ్?”

“పెళ్లిబట్టలు కదరా, ఎవరి చేతికో ఎలా ఇస్తాను? పో పో, నిలబడకు!”

ఆయనకు టీ అయినా ఇప్పించలేదు. వారధి మీద కారు ఆగిపోయినప్పుడు ఏ దేవుడికి మొక్కానో గుర్తులేదు. గన్నవరంలో నేను కౌంటరు దగ్గర నిలబడ్డాక, నా వెనక వచ్చినవాళ్లను టైమైపోయిందని పంపేశారు. మీరు వెళ్తే రెండు గంటల ముందే చేరండి.

ఆ గంటా పావు గురించి రాయడానికేమీ లేదు. బ్యాగు పెట్టిన పై అరవైపే చూస్తూ కూర్చున్నాను.

సాయంత్రం మధుపర్కం కట్టుకుని పిల్ల గంపలో కూర్చుంది. ఎత్తాను.

“మావయ్యా, చేతులు వణుకుతున్నాయేంటి?”

“బరువెక్కావమ్మా” అన్నాను. కళ్లు తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు.

తిరుగు ప్రయాణం రైల్లోనే. బాపట్లలో ఎక్కినాయన మాటల్లో పడి అడిగాడు.

“బెంగుళూరుకు విమానంలో ఎంతసేపండి?”

“గంటా పావేనండి” అన్నాను. “కాకపోతే పక్కింట్లో మా బాబాయ్ లాంటాయన ఉండాలి.”

ఆయన అర్థంకాక నవ్వాడు. నేను బ్యాగు ఒళ్లోకి తీసుకున్నాను. అందులో బాబాయ్‌కి పెళ్లివారు పెట్టిన పంచెల చాపు ఉంది.