కొమ్మప్పకు బెల్లం

దెయ్యాలు, పూనకాలు అంటే నాకు మొదటినుంచీ నమ్మకం లేదు. పుంగనూరులో పదో తరగతితో చదువు ఆగిపోయినా, మదనపల్లె గ్రంథాలయంలో సైన్సు పుస్తకాల బీరువా దాదాపు ఖాళీ చేసినవాణ్ణి. ఇప్పటికీ నమ్మను. జరిగింది మాత్రం చెబుతాను.

తొంభైల చివర్లో మదనపల్లెలో అద్దెకుండేవాళ్లం. మా పాప భారతికి నాలుగేళ్లు నిండినా ఒక్క మాట రాలేదు. చెవులు బాగానే ఉన్నాయి, ఓపిక పట్టమన్నారు డాక్టర్లు. నా భార్య సుజాత ఓపిక పట్టి పట్టి, పాప నిద్రపోయాక గోడవైపు తిరిగి ఏడ్చేది.

ఒకరోజు సాయంత్రం వాన వెలిసింది. పాప అరుగు మీద ఆడుకుంటోంది. పక్కింటి రెడ్డెమ్మ చాటలో బియ్యం ఏరుతోంది. గుయ్యిమంటూ నల్లటి పురుగొకటి వచ్చి పాప ముందు పడింది. బొటనవేలంత లావు, తల మీద కొమ్ము.

నేను నా చదువు విప్పాను. "ఇది కొమ్ము పురుగు. పేడ దిబ్బలో పుడుతుంది, కొబ్బరి మొవ్వు తింటుంది. కుట్టదు."

"నీ పుస్తకంలో కుట్టదేమో, ఈడ కుడతాది. జరుగప్పా, చాటతో ఒకటిస్తా" అంటూ లేచింది రెడ్డెమ్మ.

పాప రెండు చేతులూ అడ్డం పెట్టింది.

"కొమ్మప్ప వచ్చినాడు. బెల్లం పెట్టల్ల."

తడబాటు లేదు. రెడ్డెమ్మ చేతిలో చాట జారి బియ్యమంతా అరుగు పాలయింది. సుజాత లోపల్నుంచి పరుగెత్తుకొచ్చింది.

"ఎవురు మాట్లాడింది? మళ్లీ అనుమ్మా."

"బెల్లం" అంది పాప విసుగ్గా.

ఏడుస్తూ, నవ్వుతూ బెల్లం ముక్క తెచ్చి పెట్టింది సుజాత. పురుగు ఆ ముక్క దగ్గర కాసేపు ఆగి ఎగిరిపోయింది. మిగిలిన బెల్లంతో, పడిన బియ్యంతో రెడ్డెమ్మ పాయసం వండి వీధంతా పంచింది.

నాకు మాత్రం చిన్నప్పటి సంగతి గుర్తొచ్చింది. కుప్పంలో మా అవ్వ, పేడ దిబ్బ తవ్వేటప్పుడు ఈ పురుగు కనిపిస్తే పారతో కొట్టనిచ్చేది కాదు. సరిగ్గా ఆ మాటలే అని, బెల్లం ముక్క పెట్టి సాగనంపేది. ఆ పేరు ఇంకెవరి నోటా నేను వినలేదు. పాప పుట్టకముందే అవ్వ పోయింది. కలికిరిలో పెరిగిన సుజాతకు ఇదేమీ తెలియదు. నేనే మర్చిపోయాను, ఇక ఎవరికి చెప్పి ఉంటాను?

"నిద్రలో అనుంటావులే" అంటుంది సుజాత. కావచ్చు.

గ్రంథాలయంలో మళ్లీ వెతికాను. పుస్తకంలో కొమ్ముంది, రెక్కలున్నాయి, పేడ దిబ్బ ఉంది. బెల్లం లేదు.

ఇప్పుడు పెద్దదైన భారతిని అడిగితే "నాకు గుర్తులేదు నాయనా" అని, అడగని కబుర్లు గంటసేపు చెబుతుంది. అడ్డం రాకుండా అన్నీ వింటాను.