కొండకు మోసుకెళ్ళిన పులిహోర

మా ఇంట్లో ఆడవాళ్ళు కొండ ఎక్కడమంటే తిరుమల కొండే, అదీ మొక్కు ఉంటేనే. కాలేజీ రోజుల్లో నడుముకు తాడు కట్టుకుని బండలెక్కేదాన్నని చెబితే పిల్లలు నవ్వేవాళ్ళు. వాళ్ళ తప్పేం లేదు. షావుకారుపేటలో పప్పుల టోకు వ్యాపారం చేసే ఇంటికి కోడలిగా వచ్చాక నేనెక్కింది మేడమెట్లు మాత్రమే, వడియాలు ఎండబెట్టడానికి.

చిన్నవాడికి కూడా ఉద్యోగం వచ్చి, ఊరి చివర షోళింగనల్లూరులో గది తీసుకుని వెళ్ళిపోయాక ఇక నా వంతు అనుకున్నాను. కొండలెక్కే క్లబ్బులో చేరాను. నెలల తరబడి పొద్దున్నే మెరీనా ఇసుకలో నడిచాను. "ఈ వయసులో కాలో చెయ్యో విరగ్గొట్టుకుంటావా?" అని మా ఆయన అంటే, విననట్టు బూట్లు తొడుక్కుని బయల్దేరేదాన్ని. ఒక్క కొండ, ఒక్కసారి, కొసదాకా ఎక్కాలి. ఇంకెవరి కోసమో కాకుండా నా కోసం నేను కోరుకున్నది అదొక్కటే.

మొదటిసారి నాగలాపురం కొండలకు వెళ్ళాం. మమ్మల్ని నడిపించేది విజయవాడ నుంచి వచ్చి ఇక్కడ ఉద్యోగం చేసుకుంటున్న అమ్మాయి, నా కూతురి వయసుది. ఎవరి తిండి వాళ్ళే తెచ్చుకోవాలి, నీళ్ళు మాత్రం నిండుగా ఉండాలి అని ముందే మెసేజ్ పెట్టింది. చదివాను. అర్థమైంది కూడా.

కానీ తెల్లవారుజామున వంటింట్లో నిలబడితే, అంతమందితో వెళుతూ నా ఒక్కదానికే డబ్బా కట్టుకోవడానికి చెయ్యి రాలేదు. మావాళ్ళు రైలెక్కినా, ఆస్పత్రిలో ఎవరినైనా చూడబోయినా పక్కవాళ్ళకు కూడా కట్టుకునే వెళతారు. అత్తగారు లేచి వచ్చి చూశారు. "వట్టి చేతుల్తో పోతే ఆడ ఉండేవాళ్ళంతా ఏమనుకుంటారు? ఇంకొంచెం కలుపు" అన్నారు. నెపం ఆవిడ మీదికి నెట్టడం సులువే గానీ, ఆవిడ చెప్పకపోయినా కలిపేదాన్నే.

పెద్ద స్టీలు క్యారియరు సంచిలో పట్టలేదు. నీళ్ళ సీసాలు తీసి గట్టు మీద పెట్టి, ఒక్కటి ఉంచుకున్నాను. కొండల్లో వాగు లేకపోతుందా, ఆ రోజుల్లో దోసిళ్ళతో తాగలేదా అనుకున్నాను.

కొండ మొదట్లో ఆ అమ్మాయి ఒక్కొక్కరినీ అడుగుతూ వచ్చింది. "ఆంటీ, నీళ్ళు సరిపడా తెచ్చుకున్నారా?"

"ఉండాయి లేమ్మా" అన్నాను, మొహంలో ఏమీ కనబడనీయకుండా.

వాగు ఎండిపోయి ఉంది. బరువు భుజాలను కోస్తోంది. సగం ఎక్కేసరికి నా సీసా ఖాళీ. ఇంకాస్త పైకి వెళ్ళేసరికి పిక్కలు పట్టేసి, కూలబడిపోయాను. ఆ అమ్మాయి గబగబా వచ్చి నీళ్ళకోసం నా సంచి తెరిచింది. క్యారియరు బయటికి తీసింది.

"ఇదేంటి ఆంటీ?"

"పులిహోరమ్మా. అందరికీ అని."

ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది. తలా కాసిని నీళ్ళు నాకు పోశారు. తర్వాత ఆ అమ్మాయి మిగిలిన సీసాలన్నీ చూసి, "పైకెళ్తే దిగడానికి చాలవండి. వెనక్కి వెళ్ళిపోదాం" అంది. నన్ను ఇక్కడే కూర్చోబెట్టి మీరు పోయి రండమ్మా అని బతిమాలాను. ఎవరినీ ఒంటరిగా వదలకూడదంది. కొస కనబడుతూనే ఉంది. అందరూ ఒకసారి అటు చూసి, నన్ను ఒక్క మాట అనకుండా దిగడం మొదలుపెట్టారు. నా క్యారియరును కూడా వాళ్ళే వంతులవారీగా మోశారు. నేను తలెత్తలేకపోయాను.

కింద చెట్ల నీడలో కూర్చున్నాక వాళ్ళకు ఆకలేసింది. మూత తీసి పెట్టాను. కాసేపటికి చూసుకుంటే గరిటె నా చేతిలోనే ఉంది, "ఇంకొంచెం వేసుకో నాయనా" అంటూ అందరి మధ్యా తిరుగుతున్నాను. సూపర్ ఆంటీ అన్నారు.

ఆ అమ్మాయి నా పక్కన కూర్చుని మెల్లగా చెప్పింది. "ఈసారి నుంచి మీరు కింద క్యాంపులో ఉండండి ఆంటీ. వంట మీరు చూసుకుంటే మాకు ఎంత హాయో."

నన్ను నొప్పించకూడదనే అలా చెప్పింది. ఎక్కుతాను, ఇంకోసారి సరిగ్గా వస్తాను అనాల్సింది. నేను "సరేమ్మా" అన్నాను. ఎందుకన్నానో తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతాను.

వ్యాన్‌లో వస్తున్నంతసేపూ ఇంట్లో ఏం చెప్పాలా అని ఆలోచించాను. పైదాకా ఎక్కానని చెబుదామనుకున్నాను. పైన గాలి ఎలా ఉందో, ఏమేం కనబడ్డాయో కూడా కల్పించి పెట్టుకున్నాను.

అత్తగారు తలుపు తీసి, ఖాళీ క్యారియరు అందుకున్నారు. "అందరికీ సరిపోయిందా?" అన్నారు.

"సరిపోయింది" అన్నాను.

మా ఆయన టీవీ ముందు నుంచే, ఇంట్లో ఉంచి వెళ్ళిన పులిహోరలో ఉప్పు కొంచెం ఎక్కువైనట్టుంది కదా అన్నారు. ఇంకేమైనా అడుగుతారేమోనని బూట్లు విప్పుకుంటూ కాసేపు అక్కడే నిలబడ్డాను. కల్పించి పెట్టుకున్న అబద్ధం ఎవరికీ చెప్పాల్సిన అవసరం రాలేదు.