నేల కనబడని నలుపు

మా తాతయ్యకు కోపం ముక్కు మీదే ఉంటుందని అందరూ అంటారు. అది శుద్ధ అబద్ధం. ఆయన కోపం ముక్కు దాకా ఎక్కి ఆగే రకం కాదు, నోట్లోంచి బయటికొచ్చి ఎదుటివాడి చెవుల్లో దూరే రకం. ముప్పై నాలుగేళ్లు విమానాలు నడిపాడు. నేల మీద మనుషులతో పడదు, గాల్లో మబ్బులతో అసలే పడదు. ఉరుములు మోసే మబ్బు ఎదురైతే వెనక్కి తిప్పేస్తాడని తోటి పైలట్లు ఆయనకు ‘రివర్స్ గేర్’ అని పేరు పెట్టారు. ఆ పేరు పెట్టింది ఎవరో అమ్మమ్మకు తెలుసు. ఇంట్లో ప్రశాంతత ఉండాలని చెప్పదు.

విమానంలో ముందు రెండు కుర్చీలుంటాయి. ఎడమది కెప్టెన్‌ది, కుడిది కో-పైలట్‌ది. తాతయ్య పంతొమ్మిదేళ్లు ఎడమ కుర్చీలో కూర్చున్నాడు. రిటైర్మెంటుకు పదకొండు నెలలుందనగా ఆ కుర్చీకి ఎసరొచ్చింది. అప్పటికే ఆ ఏడాది రెండుసార్లు మబ్బుల వంకతో విమానాన్ని వేరే ఊళ్లో దించాడట. మూడోసారి అలా చేస్తే విచారణ పెట్టి కుడి కుర్చీకి దించుతామని కంపెనీ ఉత్తరం పంపింది. తాతయ్య దాన్ని చదివి, తప్పులు దిద్ది, తిరిగి పంపాడు.

ఫిజిక్సులో నేను రెండుసార్లు తప్పాను. కాబట్టి ఇక్కడ రాడార్ గురించి రాసేదంతా ఆయన నన్ను తిడుతూ నేర్పిందే.

ఆ రోజు మధ్యాహ్నం మూడు దాటింది. విమానంలో నూట అరవై రెండు మంది ఉన్నారు. దిగాల్సిన ఊరు ఇంకో పాతిక నిమిషాల దూరం. ఎదురుగా మబ్బులు గోడ కట్టాయి. రాడార్ తెర మీద మామూలు వాన ఆకుపచ్చగా, గట్టి వాన ఎర్రగా కనబడుతుంది. ఏమీ లేని చోటు నల్లగా ఉంటుంది. ఆ రోజు తెరకు అడ్డంగా ఎర్రటి పట్టీ ఉంది. ఒకచోట ఆ పట్టీ సన్నబడింది. దాని వెనక నున్నటి నలుపు.

కో-పైలట్ కొత్తగా పెళ్లయిన కుర్రాడు. ఇంటికి వెళ్లే తొందరలో ఉన్నాడు.

“సార్, ఆ సన్నటి చోట దూరితే రెండు నిమిషాల్లో అవతల పడతాం. అవతలంతా క్లియర్. మనకంటే ముందెళ్లినవాళ్లు కూడా అక్కడే దాటారు. కొంచెం కుదుపులే అన్నారు.”

“ఎప్పుడు దాటారు?”

“పన్నెండు నిమిషాలైంది.”

“పన్నెండు నిమిషాల్లో నువ్వు నాలుగుసార్లు ఆవలించావు. ఆ మబ్బు నీలా ఖాళీగా కూర్చోలేదు నాయనా.”

కుర్రాడు మొహం మాడ్చుకున్నాడు.

రాడార్ పంపిన తరంగాన్ని ముందున్న గట్టి వానే మింగేస్తే, వెనక ఏముందో తెర మీదికి రాదు. అక్కడా నల్లగానే ఉంటుంది. ఏమీ లేకపోయినా, ఏమీ కనబడకపోయినా తెర మీద రంగు ఒకటే. ఆ నలుపును దారి అనుకోవడం పైలట్లు మాత్రమే చేయగల పొరపాటు. అందుకే తాతయ్యకు ఒక అలవాటుంది. రాడార్‌ను కొంచెం కిందికి వంచుతాడు. వంచితే దానికి నేల తగలాలి, తెర మీద మచ్చలు మచ్చలుగా కనబడాలి. వంచాడు. ఎర్ర పట్టీకి ఇవతల నేల కనబడింది. పక్కన కనబడింది. దాని వెనక మాత్రం నలుపు చెక్కుచెదరలేదు.

“అక్కడ భూమి ఉందా లేదా?”

“ఎందుకుండదు సార్?”

“మరి కనబడదేం? ఎవరైనా చాపలా చుట్టి ఎత్తుకెళ్లారా?”

కుర్రాడు తెర వైపు చూడలేదు. “సార్, ఇది మూడోసారి అవుతుంది,” అన్నాడు మెల్లగా.

“మూడు దాకా లెక్కపెట్టడం నాకూ వచ్చు.”

చుట్టూ తిరిగి వెళ్లడానికి ఇంధనం చాలదు. తాతయ్య విమానాన్ని వెనక్కి తిప్పి ఒక చిన్న విమానాశ్రయంలో దించాడు. అక్కడ ఉన్నదల్లా ఒక హాలు, నాలుగు ఫ్యాన్లు, ఒక టీ యంత్రం. యంత్రం పనిచేయడం లేదు. అరగంటలో ప్రయాణికుల ఫోన్లలోకి ఒక కబురొచ్చింది. తమ వెనక వస్తున్న వేరే కంపెనీ విమానం అదే చోట దాటి, చక్కగా దిగిందట. ఇంకేముంది, అందరూ ఒంటికాలి మీద లేచారు.

“బస్సు నడుపుకోవయ్యా, నీకు విమానం ఎందుకు!” అని ఒకాయన అరిచాడు.

“బస్సయితే నిన్ను దారిలోనే దింపేసేవాణ్ణి,” అన్నాడు తాతయ్య.

మర్నాటి పరీక్షకు వెళ్లాల్సిన ఒక అమ్మాయి మాత్రం అరవలేదు. ఆయన ముందు నిలబడి ఏడ్చింది. ఈ ముక్క ఆయన మాకు చెప్పలేదు, కో-పైలట్ అమ్మమ్మకు చెప్పాడు.

విచారణ వారం తర్వాత జరిగింది. పొడవాటి బల్లకు అటు ముగ్గురు, ఇటు తాతయ్య. గోడ పక్కన కో-పైలట్. పెద్ద అధికారి పలకరింపులు లేకుండానే మొదలుపెట్టాడు.

“ఆ సన్నటి చోటు వెనక ఏం కనబడింది?” అని కుర్రాణ్ణి అడిగాడు.

“ఏమీ లేదు సార్. నల్లగా ఉంది.”

అధికారి తాతయ్య వైపు తిరిగి, విన్నావా అన్నట్టు చూశాడు.

“నేను ఒకటి అడగొచ్చా?” అన్నాడు తాతయ్య. “బాబూ, రాడార్ కిందికి వంచినప్పుడు ఆ నలుపులో నీకు నేల కనబడిందా?”

కుర్రాడు బూట్ల వైపు చూసుకున్నాడు. “నేను చూడలేదు సార్,” అన్నాడు.

“అది ఇప్పుడు అనవసరం,” అన్నాడు అధికారి. “వెనక విమానం దాటింది. అంతే కావాలి మాకు.”

“అది దాటింది పావుగంట తర్వాత. అప్పటికి ఆ మబ్బుకే విసుగొచ్చి ఉంటుంది.”

అధికారి ఒక కాగితం ముందుకు తోశాడు. ‘నేను అనవసరంగా దారి మళ్లించాను’ అని అందులో రాసి ఉంది. సంతకం పెడితే హెచ్చరికతో వదిలేస్తారు, ఎడమ కుర్చీ నిలుస్తుంది. తాతయ్య కాగితాన్ని రెండుసార్లు చదివాడు. పెన్ను తీసి ‘అనవసరంగా’ అన్న మాటను కొట్టేశాడు. మిగిలినదాని కింద సంతకం పెట్టాడు.

“ఆ మాట లేకుండా ఈ కాగితం దేనికీ పనికిరాదు,” అన్నాడు అధికారి పళ్లు నూరుతూ.

“మళ్లించాను, ఒప్పుకున్నాను. అంతకంటే నా దగ్గర లేదు.”

ఇంటికొచ్చి బూట్లు విప్పుతుంటే అమ్మమ్మ గుమ్మంలోనే నిలదీసింది.

“పోగొట్టుకొచ్చావా?”

“కుర్చీ ఒక్కటే.”

“ఒక్క మాట మింగితే నీ సొమ్మేం పోయేది?”

“గొంతులో పట్టలేదే.”

అమ్మమ్మ రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. మూడో రోజు పొద్దున ఆయన యూనిఫాం భుజాల మీద కెప్టెన్ల నాలుగు గీతల పట్టీలు తీసి డ్రాయర్లో పడేసి, కో-పైలట్ల మూడు గీతలవి తొడిగింది. అదీ మాట్లాడకుండానే.

కుడి కుర్చీలో మొదటి రోజు కెప్టెన్ మా అమ్మకంటే చిన్నావిడ. “అంకుల్, మీకేం ఇబ్బంది లేదుగా?” అని అడిగిందట. “అంకుల్‌ని ఇంట్లో వదిలొచ్చాను. కో-పైలట్‌తో మాట్లాడండి,” అన్నాడట. మిగిలిన ఆ కొన్ని నెలలూ పక్కన ఎవరు కూర్చున్నా, మబ్బు కనబడితే చాలు, “వెనక నేల చూశారా?” అని చెవిలో జోరీగలా అడిగేవాడట. ఆయనతో డ్యూటీ వద్దని ఇద్దరు కెప్టెన్లు రాసిచ్చారు.

ఒక ఆదివారం ఉండబట్టలేక అడిగాను.

“తాతయ్యా, అసలు ఆ నలుపులో ఏముంది?”

“నాకేం తెలుసు?”

“తెలియకుండానే కుర్చీ వదులుకున్నావా?”

“తెలియకే కదరా వెధవా తిప్పింది! తెలిస్తే తిప్పడమెందుకు, విచారణెందుకు, ఆ చెత్త కాగితమెందుకు?”

ఆ తర్వాత నా తెలివితేటల మీద, మా బడి మీద, మా నాన్న పెంపకం మీద అరగంట సేపు మాట్లాడాడు. నేను వింటూ కూర్చున్నాను. ఆ పిల్ల పరీక్ష సంగతి ఏమైందో అడుగుదామనుకున్నాను గానీ, ఆయన మొహం చూసి ఊరుకున్నాను.