రన్ కొట్టినప్పుడల్లా ఒక కొత్త గది

ఆ రోజుల్లో నాకు కంప్యూటర్ మీద ఎంత నమ్మకమంటే, అందులో ఒకసారి పెట్టినది ఇక పోదనుకునేవాణ్ణి. అరకులో ఒక చిన్న సంస్థ, ఇంకా పర్మనెంటు కాని నేను, ఆఫీసు మొత్తానికి ఒకే లాప్‌టాప్. అందులో పైథాన్‌లో రాసిన ప్రోగ్రాములు రెండు. ఒకటి కాఫీ ఆరబెట్టుకునే రైతులకు వాన కబురు చెప్పేది, రెండోది పాటల రికార్డింగుల్లో గోల తీసేసేది. రెండోదానికి కావలసిన లైబ్రరీ అనే సరుకు ఎక్కించగానే మొదటిది మూలపడేది (దాంతో ఒకసారి ఆరిన గింజలన్నీ తడిశాయి). అప్పుడు మా సీనియర్ నాకు కంటైనర్లు, అంటే ఒక్కో ప్రోగ్రాముకూ లాప్‌టాప్ లోపలే విడిగా గది కట్టడం, నేర్పాడు. శ్రీకాకుళం మనిషి, అందరినీ బావా అని పిలిచి తానే అందరికీ బావైపోయాడు. "రెండింటికీ వేరు కుంపట్లు పెట్టీ బావా. దేని గది దానిది, దేని సరుకులు దానివి. ఇంక తగువేటి?" అన్నాడు. నాకు తెగ నచ్చేసింది. రోజూ పొద్దున్నే టీ కన్నా ముందు ఆ గదులు తెరవడానికని రన్ అనే కమాండ్ కొట్టడం మొదలుపెట్టాను.

ఇంతలో, విత్తనాలు చల్లే ముందు కొండ ఊళ్ళల్లో చేసుకునే ఇటుకల పండగ వచ్చింది. బడిపిల్లలకు వినిపించడానికని, పండగ ఆఖరి రోజున పక్క ఊరి పెద్దమ్మ చేత (ఆ ఊళ్ళో అందరికీ ఆవిడ పెద్దమ్మే) విత్తనాల పాట పాడించి ఫోన్లో రికార్డు చేశాను. ఆ పాట మొత్తం వచ్చినది ఆవిడ ఒక్కతికే. దాన్ని గోల తీసే ప్రోగ్రాము గదిలోకి ఎక్కించి, ఫోన్లోంచి తుడిచేశాను (ఫోన్ నిండిపోయింది మరి. పొగమంచులో నిలబడి తీసుకున్న నా ఫొటోలు మాత్రం ఒక్కటీ తీయబుద్ధి కాలేదు). మర్నాడు పొద్దున్న రన్ కొట్టి చూస్తే గది బోసిగా ఉంది. పాట లేదు. సోమవారం బడిలో వినిపిస్తామని అక్కడి పెద్దసారు అప్పటికే ఊరంతా చెప్పేశారు.

పరుగున పెద్దమ్మ దగ్గరకు పోయి, ఇంకొక్కసారి పాడమని బతిమాలాను. ఆవిడ చేట కింద పెట్టి, "పండగెల్లిపోనాది కదా బాబూ. ఇప్పుడు పాడకూడదు. మళ్ళా వచ్చే ఏడు పండక్కే," అంది. కాసేపు దగ్గి, "అప్పటికి నానుంటే," అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. అంతవరకూ నా ఉద్యోగం గురించే భయపడ్డాను, అప్పుడింకో భయం పట్టుకుంది.

ఆఫీసుకు వచ్చి, అంతా తుడిచేసి మొదటినుంచి మొదలెడితే బాగుపడుతుందేమోనని (ఆ వయసులో నాకు తెలిసిన వైద్యం అదొక్కటే) ఆగిపోయిన కంటైనర్లన్నీ తీసేసే కమాండ్ కొట్టాను. నిజంగా తీసేయమంటావా, అని కంప్యూటర్ అడిగింది. అది అంత మర్యాదగా అడిగేసరికి నాకు అనుమానం వచ్చి, అలాగే వదిలేసి, సిగ్నల్ కోసం రోడ్డు మలుపు దాకా పోయి, సెలవు మీద ఊరెళ్ళిన బావకు ఫోన్ చేసి పాట పోయిన సంగతి చెప్పాను.

"ఇప్పుడేటి సేత్తన్నావు?" అన్నాడు.

"అన్నీ తుడిచేస్తున్నాను బావా."

"ఓరి నాయనో, ముట్టుకోకు! నువ్వు రన్ కొట్టినప్పుడల్లా అది కొత్త గది కడతాది. పాతది ఎక్కడికీ పోదు, తలుపేసుకుని అక్కడే ఉంటాది. ఆగిపోయినవి కూడా సూపించమని అడుగు. బేగెల్లు!"

ఈలోగా ఎవరైనా ఆ ప్రశ్నకు అవునని చెప్పేస్తారేమోనని గుండె చేత పట్టుకుని పరుగెత్తాను. ఎవరూ చెప్పలేదు. వద్దని కొట్టి, బావ చెప్పినట్టే అడిగితే, నేను కట్టి మరిచిపోయిన గదులు వరసగా బయటపడ్డాయి. ఏది నిన్నటిదో చూసుకునే తెలివి ఆ కంగారులో లేదు. ఒక్కొక్క తలుపే తీస్తూ పోయాను. చివరికి పాట దొరికింది. అక్కడే కూర్చుని ఏడ్చాను.

ఇక దాని జోలికి పోయే ధైర్యం లేక, గోల తీయకుండా ఉన్నదున్నట్టే బడిలో వినిపించాం. మధ్యలో పెద్దమ్మ దగ్గు ఉంది. నా గొంతూ ఉంది: "పెద్దమ్మా, బేగి కానీ, ఛార్జింగ్ అయిపోతంది!"

మరుసటి పండగకు పెద్దమ్మ లేదు. పాట పిల్లలు పాడారు. రెండో చరణం కాగానే, అదీ పాటలోదే అనుకుని, అందరూ ఒక్క గొంతుతో "పెద్దమ్మా, బేగి కానీ, ఛార్జింగ్ అయిపోతంది!" అన్నారు. పెద్దవాళ్ళెవరూ సరిదిద్దలేదు. ఇప్పుడు ఆ రికార్డింగులోంచి నా మాటను చిటికెలో తీసేయగలను, కానీ తీయలేదు. అది విన్నప్పుడల్లా ఆ కుర్రాణ్ణి తలుచుకుని నవ్వొస్తుంది. ఆవిణ్ణి అంత తొందర పెట్టావేంరా, అని అడగాలనిపిస్తుంది.