పొదటూరుపేట దిబ్బలో తలకిందులైన పొరలు

1979 జనవరిలో నన్ను తిరుత్తణి క్యాంపుకు వేశారు. పురావస్తు శాఖలో అప్పటికి నేను టెక్నికల్ అసిస్టెంటును. పొదటూరుపేట దగ్గర పొలాల మధ్య ఉన్న పాటిదిబ్బలో ఒక గుంట తవ్వించి, ఏ పొరలో ఏం దొరికిందో రాయడం నా పని. పాటిదిబ్బ అంటే పాత ఊరు పాడుపడి, కూలిన గోడలు, బూడిద, పగిలిన కుండలు పేరుకుని లేచిన మట్టిగుట్ట. ముందు పడినది అడుగున, తర్వాత పడినది పైన ఉండాలి. మా విద్యకు పునాది ఈ ఒక్క మాటే.

ఆ గుంటలో ఆ మాటే నిలవలేదు. పైపొరలో నలుపు, ఎరుపు కలిసిన ప్రాచీన కుండపెంకులు వచ్చాయి. వాటికి మూడడుగుల కింద పింగాణీ ముక్కలు, చివరికి గోలీసోడా సీసాలోని గోళీ!

ప్రతి గంప మట్టికీ పొర నంబరు రాసిన చీటీ ఉంటుంది. ఆ మట్టి జల్లించేది మునెమ్మ. చీటీలు మార్చేస్తోందని రెండుసార్లు కసిరాను. గోళీ దొరికిన రోజు ఇక నా వల్ల కాలేదు.

"నేను యాడా కలపలేదు సారూ. ఆ దిబ్బ సంగతి మా మామనడగండి, ఆయనకు తెలుసు" అనింది.

దిబ్బ సంగతి నేను చూసుకుంటానని చెప్పి ఆమెను పనిలోంచి తీసేశాను.

వారం తిరక్కుండా మద్రాసు నుంచి డిప్యూటీ సూపరింటెండెంటు వచ్చాడు. గుంట గోడను నిలువుగా చెక్కి పొరల బొమ్మ గీస్తాం. దాన్ని సెక్షన్ అంటాం. నా సెక్షన్ చూసి, ఇది బొమ్మా చెత్తబుట్టా అని అందరి ముందూ అడిగాడు. సంజాయిషీ కోరుతూ మెమో ఇచ్చి, వారంలో కారణం తేల్చకపోతే గుంట పూడ్చేయమన్నాడు. అన్నిటికంటే నన్ను విసిగించింది మరొకటి. మునెమ్మ లేకపోయినా పొరలు దారికి రాలేదు. ఆ మర్నాడు గుంట గోడ అడుగు నుంచి ఒక పింగాణీ ముక్కను నా చేత్తో నేనే పీకాను.

గతిలేక ఆమె ఇంటికి వెళ్లాను. మామ చెంగయ్య అరుగు మీద కూర్చుని ఉన్నాడు.

"ఆ తావున మా నాయనా నేనూ బాయి తవ్వినాము సారూ. రాయి పడింది, నీళ్లు పళ్లేదు. తవ్విన మన్ను పక్కన పోసి అట్నే ఇడ్సిపెట్టినాము. మీరు తవ్వతా ఉండేది ఆ మన్నే."

బావి తవ్వితే పైమట్టి ముందు బయట పడుతుంది, లోతుమట్టి దానిమీద పడుతుంది. పొరలు తలకిందులవుతాయి. ఆ పూడిపోయిన బావి ఎక్కడని అడిగితే వచ్చి, గుంట పక్కనే ఒక పల్లం చూపించాడు. మా నీడపందిరి గుంజ పాతింది ఆ పల్లంలోనే.

మునెమ్మను తిరిగి పనికి రమ్మన్నాను.

"సుమ్మా ఊరికే రమ్మంటే వచ్చేది లేదు సారూ. కలిపింది నేను కాదని మీ నోటులో రాయండి" అనింది.

ఫీల్డ్ డైరీలో తేదీ వేసి, తప్పు నాదని ఇంగ్లీషులో రాసి, తెలుగులో చదివి వినిపించాను. రెండుసార్లు చదివించుకుంది. మర్నాడు జల్లెడ దగ్గరికి వచ్చింది.

ఇంకా లోతుకు పోతే సన్నని నల్లటి గీత కనిపించింది. బావి తవ్వకముందు దిబ్బకు అదే పైభాగం. దాని కింద పొరలన్నీ వరసలోనే ఉన్నాయి. డిప్యూటీ సూపరింటెండెంటు సెక్షన్ ఆమోదించాడు, మెమో మాత్రం వెనక్కి తీసుకోలేదు.

ఊరు పాడుపడగానే దిబ్బ తయారవడం ఆగదు. వానలు, చెట్లవేళ్లు, ఎలుకలు, ఎరువుకని పాటిమన్ను తోలుకునే రైతులు, బావులు తవ్వేవాళ్లు దాన్ని మారుస్తూనే ఉంటారు. ఆ తర్వాత ఏ చోటికి వెళ్లినా, కొలతల మేకులు కొట్టకముందే అక్కడ ఎవరు, ఎందుకు తవ్వారో ఊళ్లో అడిగి రాసుకున్నాను. ఏదైనా పొసగనప్పుడు ముందుగా కూలీలనే అనుమానించే అలవాటు మానుకోవడానికి మాత్రం ఇంకా చాలా ఏళ్లు పట్టింది.